తడిసిన దుప్పటిని దాచకండి



ఈ సంచికలో మూత్రం గురించి రాస్తానని నేను చెప్పినప్పుడు మన సంఘంలోని ఒక పెద్దాయన ముఖం చిట్లించారు. "సిస్టరమ్మా, షుగరు గురించి రాయండి, బి.పి. గురించి రాయండి. ఇట్లాంటివి ఇంటింటికీ పోయే పత్రికలో ఏం బాగుంటాయి? ఆడపిల్లలు కూడా చదువుతారు కదా" అన్నారు. ఆయన మంచి మనసుతోనే అన్నారు. కానీ ఆ మాట విన్నాక ఈ సంగతి రాయక తప్పదని నాకు ఇంకా గట్టిగా అనిపించింది. "ఇట్లాంటివి చెప్పుకోకూడదు" అనుకునే ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చుకోవడం నేను కళ్ళారా చూశాను. అందులో నా తప్పు కూడా ఉంది.

ఆయన ధర్మవరంలో మగ్గం నేసే మనిషి. వయసు యాభై దాటింది. చిన్నప్పటి నుండి బీడీల అలవాటు. మూత్రంలో రక్తం పడితే వేడి చేసిందనుకుని నెలల తరబడి సబ్జా నీళ్ళు, బార్లీ నీళ్ళు తాగారు. చివరికి మూత్రాశయంలో క్యాన్సర్ అని తేలింది. బెంగుళూరులో పెద్ద ఆపరేషన్ చేసి, మూత్రాశయాన్ని తీసివేసి, ఆయన సొంత చిన్నప్రేగు ముక్కతో లోపలే కొత్త సంచి కుట్టారు. గొట్టం తీసేశాక, ఇంటికి దగ్గర కదా అని కొన్ని రోజులు మన వార్డులో ఉన్నారు. ఇంటికి పంపేటప్పుడు కాగితాలు ఇచ్చింది నేనే. జాగ్రత్తలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. నేను తెలుగులో గబగబా చెప్పి, "అర్థమైందా అన్నా?" అన్నాను. ఆయన "ఆఁ" అని తల ఊపారు. నేను ఇంకో మంచం దగ్గరికి వెళ్ళిపోయాను.

రెండు నెలల తర్వాత, మే నెల ఎండల్లో, ఆయనను ఆటోలో తీసుకువచ్చారు. చలిజ్వరం, వాంతులు. పొత్తికడుపు రాయిలాగా ఉంది. గొట్టం వేస్తే మొదట చుక్క కూడా రాలేదు. సెలైన్ పోసి లాగుతూ ఉంటే గంజి మీది మీగడలాంటి జిగట ముద్దలు ముద్దలుగా వచ్చింది. స్కానింగులో రెండు కిడ్నీలూ వాచి ఉన్నాయి.

విషయం ఏమిటంటే, ఇంటికి వెళ్ళినప్పటి నుండి ఆయనకు రాత్రిపూట పక్క తడుస్తోంది. ఉన్నవి రెండు గదులు. కూతురు కాన్పుకు వచ్చి ఉంది. వాసన వస్తుందేమోనని ఆయన బయట అరుగు మీద పడుకునేవారు. ఎవరూ లేవకముందే, తెల్లవారుజామున 4 గంటలకు, తన దుప్పటి తానే ఉతుక్కునేవారు. ఆరు ఆదివారాలు గుడికి రాలేదు. విశ్వాసంలో చల్లబడ్డాడని కొందరు అనుకున్నారు. చివరికి నీళ్ళు తాగడమే మానేశారు. రోజంతా కలిపి రెండు గ్లాసులు. "నీళ్ళు తాగకుంటే కారదు కదా అనుకుంటినమ్మా" అన్నారు నాతో.

అసలు జరిగింది దానికి పూర్తిగా వ్యతిరేకం. ఆయన సంచి సరిగా ఖాళీ కావడం లేదు. నిండిపోయి, పట్టక, పైకి పొర్లుతోంది. కుండ నిండి పొర్లుతుంటే ఆయన ఓటి కుండ అనుకున్నారు. నీళ్ళు తగ్గించేకొద్దీ జిగట చిక్కబడి దారి మూసుకుపోయింది. దేవుని కృపవలన ఆయన బ్రతికారు, మళ్ళీ మగ్గం మీద కూర్చున్నారు. కానీ ఆ పది రోజులు నేను సరిగా నిద్రపోలేదు. "అర్థమైందా?" అని అడగడం నేర్పించడం కాదని నాకు అప్పుడు తెలిసింది.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఈ ఆపరేషన్ తర్వాత తడవడం నయమయ్యే దారిలో ఒక మజిలీ. దానిని దాచిపెట్టడమే ప్రమాదం. దాచుకునే అవసరం రాకుండా చూడవలసిన బాధ్యత రోగిది మాత్రమే కాదు. ఆసుపత్రిది, ఇంటివారిది, సంఘానిది కూడా.

కొత్త సంచి గుణం

ఈ ఆపరేషన్ క్యాన్సర్ వారికే కాదు. టి.బి. వలన మూత్రాశయం ముడుచుకుపోయిన వారికి, పుట్టుకతో వెన్నులో లోపం ఉన్న కొందరు పిల్లలకు కూడా ప్రేగు ముక్క అతికి మూత్రాశయాన్ని పెద్దది చేస్తారు. క్యాన్సర్ వలన మూత్రాశయం మొత్తం తీసివేసిన వారిలో తగినవారికి కొత్త సంచే కుడతారు. ఇప్పుడు ఎక్కువగా చేసే పద్ధతులను 1980లలో స్విట్జర్లాండులో స్టూడర్, జర్మనీలో హౌట్‌మన్ అనే వైద్యులు రూపొందించారు. చిన్నప్రేగులో సుమారు 50 నుండి 60 సెంటీమీటర్లు, అంటే దాదాపు రెండడుగుల ముక్క దీనికి వాడతారు. (పొట్ట మీద రంధ్రం చేసి బయట సంచి తగిలించేది వేరే పద్ధతి. దాని జాగ్రత్తలు వేరు.)

ప్రేగును ఎక్కడ కుట్టినా ప్రేగు ప్రేగే. దాని గుణాలు మూడు గుర్తుపెట్టుకోండి.

మొదటిది, నిండినప్పుడు అది మునుపటిలాగా "ఒంటికి పోవాలి" అని చెప్పదు. కొందరికి పొత్తికడుపులో బరువుగా ఉంటుంది, కొందరికి అదీ తెలియదు. కాబట్టి గడియారం చూసి వెళ్ళాలి. రెండవది, అది జిగట ఊరిస్తుంది. నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. మూత్రంలో తెల్లటి పోగులు కనిపిస్తే చీము అని భయపడకండి. మూడవది, మూత్రం అందులో ఎక్కువసేపు నిలిస్తే దానిలోని ఆమ్లాన్ని ప్రేగు తిరిగి రక్తంలోకి పీలుస్తుంది. అప్పుడు నీరసం, ఆకలి లేకపోవడం, వాంతులు, ఆయాసం వస్తాయి. రక్తపరీక్ష చేసి, అవసరమైతే డాక్టరుగారు సోడా బైకార్బొనేట్ మాత్రలు ఇస్తారు. "ఆపరేషన్ అయినాక నీరసం ఉండదా" అని ఇంట్లో కూర్చోకూడదు.

గొట్టం ఉన్నన్ని రోజులు

సాధారణంగా రెండు మూడు వారాలు గొట్టం ఉంటుంది. జిగట అడ్డుపడకుండా రోజుకు కొన్నిసార్లు సెలైన్‌తో కడగాలి. ఎన్నిసార్లు, ఎంత అనేది మీ డాక్టరుగారు చెప్పినట్టే చేయండి. చేతులు సబ్బుతో కడుక్కోండి. నెమ్మదిగా పోయండి, బలవంతంగా నెట్టకండి. బ్యాగు ఎప్పుడూ నడుము కంటే కిందనే ఉండాలి, కానీ నేలను తాకకూడదు.

ధర్మవరం నుండి పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగుళూరు వెళ్ళే రైలులో చెకప్‌కు పోయే మనవాళ్ళను చూస్తుంటాను. ఎవరికీ కనబడకూడదని బ్యాగును ఒడిలో పెట్టుకుని పైన శాలువా కప్పుకుంటారు. పైకి ఎత్తితే మూత్రం వెనక్కి పోతుంది, ఇన్ఫెక్షన్ వస్తుంది. గుడ్డసంచిలో పెట్టి మోకాలి కింద వేలాడదీసుకోండి. సిగ్గూ దాగుతుంది, ప్రాణమూ దక్కుతుంది.

గొట్టం తీశాక

తడవడం అప్పుడే మొదలవుతుంది. గొట్టం తీసిన రోజునే అంతా మునుపటిలా అవుతుందని ఎవరైనా చెప్పి ఉంటే అది నిజం కాదు. మొదట్లో సంచిలో కొంచెమే పడుతుంది. పగలు రెండు గంటలకొకసారి, రాత్రి మూడు గంటలకొకసారి అలారం పెట్టుకుని లేచి వెళ్ళాలి. డాక్టరుగారి సలహా ప్రకారం వారాల మీద ఆ వ్యవధిని మెల్లగా పెంచుతారు. కొన్ని నెలలకు సంచి సాగి 400 నుండి 500 మిల్లీలీటర్ల వరకు పడుతుంది. పగటిపూట అదుపు చాలామందికి ఆరు నెలల నుండి ఏడాది లోపల వస్తుంది. రాత్రి అదుపుకు ఇంకా ఎక్కువ కాలం పడుతుంది, కొందరికి కొంత తడి మిగిలిపోతుంది. నిద్రలో మూత్రద్వారం దగ్గరి కండరం వదులవుతుంది. పాత మూత్రాశయం నిండుతుంటే ఆ కండరానికి బిగుసుకోమని కబురు అందేది. ప్రేగు సంచికి ఆ కబురు పంపడం రాదు. ఇది బద్ధకం కాదు, ముసలితనం కాదు.

మగవారు కూడా కూర్చునే మూత్రానికి వెళ్ళండి. కింది కండరాలను వదులు చేసి, పొత్తికడుపు మీద చేతితో మెల్లగా నొక్కుతూ, తొందరపడకుండా పూర్తిగా ఖాళీ చేయండి. అపానవాయువును ఆపుకునేటప్పుడు ఏ కండరం బిగుస్తుందో దానిని అయిదు లెక్కపెట్టేంతసేపు బిగించి వదలండి. ఒక్కో విడతకు పదిసార్లు, రోజుకు మూడు విడతలు. గొట్టం ఉన్నప్పుడు మాత్రం ఈ వ్యాయామం వద్దు. మలబద్ధకం రానివ్వకండి, అది సంచిని కూడా నొక్కుతుంది.

హిందూపురం మార్కెట్టులో చింతపండు హమాలీగా పనిచేసిన ఒక సహోదరుని ఇంట్లో ఏం చేశారో చెబుతాను. సెల్‌ఫోనులో రాత్రి 11, 2, 5 గంటలకు అలారం పెట్టారు. ఒక రాత్రి భార్య, ఒక రాత్రి కొడుకు లేపుతారు. పరుపు మీద రబ్బరు షీటు, దాని మీద పాత నూలు పంచె నాలుగు మడతలు. తడిస్తే తీసి బకెట్టులో వేయడం, ఇంకొకటి పరచడం. వేడినీళ్ళతో ఉతికి ఎండలో ఆరేయడం. ఎవరూ ఒక్క మాట అనరు. "పసిబిడ్డ తడిపితే కసురుతామా?" అంది ఆ తల్లి. ఆయనకు పుండ్లు లేవు, ఇన్ఫెక్షన్ లేదు. తడి కూడా క్రమంగా తగ్గింది.

కొందరికి, ముఖ్యంగా కొందరు స్త్రీలకు, దీనికి ఎదురు సమస్య వస్తుంది. మూత్రం బయటికే రాదు. అప్పుడు సన్నని గొట్టాన్ని రోజుకు కొన్నిసార్లు తామే పెట్టుకుని ఖాళీ చేసి తీసివేయాలి. 1972లో అమెరికాలో లాపిడెస్ అనే డాక్టరు, దీనికి ఆపరేషన్ థియేటరులో ఉండేంత శుద్ధి అక్కరలేదు, సబ్బుతో కడిగిన శుభ్రమైన చేతులు చాలునని చూపించారు. దానితో ఎన్నో కిడ్నీలు దక్కాయి. పెనుకొండలో కుట్టుపని చేసే ఒక చెల్లెలు అద్దం పెట్టుకుని మూడు రోజుల్లో ఇది నేర్చుకుంది. గొట్టం, సబ్బు, చిన్న తువ్వాలు ఒక టిఫిన్ డబ్బాలో పెట్టుకుని పనికి వెళుతుంది. "మొదటి దినం ఏడ్చినా సిస్టర్. ఇప్పుడు తల దువ్వుకున్నట్టే" అంటుంది.

నీళ్ళు మానకండి

ఈ వ్యాసంలో ఒక్క మాట గుర్తుంచుకోవాలంటే ఇది గుర్తుంచుకోండి. గుండెజబ్బు, కిడ్నీజబ్బు వలన డాక్టరుగారు వద్దంటే తప్ప, రోజుకు రెండు నుండి మూడు లీటర్ల నీరు తాగాలి. మన ప్రాంతంలో నీటికి కరువు, ఎండకు కరువు లేదు. మజ్జిగ, రాగి గంజి కూడా లెక్కలోకి వస్తాయి. పగలంతా తాగి, పడుకునే ముందు రెండు గంటలు తగ్గించుకోండి. అంతేకాని రోజంతా మానేయడం మందు కాదు. ఎవరూ చెప్పకుండా ఉప్పు మానేయకండి. కొత్త సంచి వలన కొందరికి ఒంట్లో ఉప్పు తగ్గిపోతుంది.

ఇంకొక మాట. ప్రేగు సంచి ఉన్నవారి మూత్రపరీక్షలో క్రిములు కనిపించడం మామూలే. జ్వరం, నొప్పి లేకుండా, కేవలం రిపోర్టు చూసి మందుల షాపులో యాంటిబయాటిక్ కొని మింగకండి. ఏ ల్యాబుకు, ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా "నా మూత్రసంచి ప్రేగుతో చేసింది" అని ముందే చెప్పండి. చిన్నప్రేగు ముక్క తీసినందువలన కొన్నేళ్ళకు విటమిన్ బి12 తగ్గవచ్చు కాబట్టి ఆ పరీక్ష, కిడ్నీ పరీక్ష ఏటా చేయించుకోండి.

ఈ క్రింది వాటిలో ఏది వచ్చినా తెల్లవారేదాకా ఆగవద్దు. 108కు ఫోన్ చేయండి, లేదా దొరికిన బండిలో రండి:

1. చలితో జ్వరం, నడుము పక్కల నొప్పి.
2. గొట్టం ఉండి, కడిగినా మూత్రం రాకపోవడం.
3. గొట్టం లేనివారికి గంటల తరబడి మూత్రం రాక పొత్తికడుపు ఉబ్బడం, లేదా ఆగకుండా చుక్కచుక్కగా కారుతూనే ఉండడం.
4. హఠాత్తుగా కడుపంతా తీవ్రమైన నొప్పి. నిండిపోయిన సంచి చిరిగే ప్రమాదం ఉంది.
5. ఆగని వాంతులు, ఆయాసం, మత్తు.

ఎవరేం చేయాలి?

ముందు మా ఆసుపత్రుల సంగతి. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాలలో మన అనంతపురం జిల్లా ఒకటి. ఇప్పుడు మనది శ్రీ సత్యసాయి జిల్లా అయింది, పథకం పేరు కూడా మారింది. కార్డు మీద పెద్ద ఆపరేషన్లు చేయించుకోవడం మన బీదవారికి సాధ్యమైంది. అందుకు దేవునికి స్తోత్రం. కానీ ఆపరేషన్ చేసే చెయ్యి ఎంత ముఖ్యమో, ఇంటి దగ్గర కడిగే చెయ్యి అంత ముఖ్యం. దానికి మేమిచ్చే సమయం పది నిమిషాలు కూడా ఉండదు. నా అభిప్రాయం ఇది: రోగి, ఇంటివారిలో ఒకరు, నర్సు ఎదుట తమ చేతులతో రెండుసార్లు చేసి చూపించేవరకు ఎవరినీ ఇంటికి పంపకూడదు. కాగితం తెలుగులో ఉండాలి. చదువు రానివారికి బొమ్మలతో ఉండాలి. వారం రోజులకు నర్సు ఫోన్ చేసి "రాత్రి తడుస్తోందా? నీళ్ళు ఎన్ని తాగుతున్నారు?" అని తానే అడగాలి. ఎందుకంటే వాళ్ళు అడగరు. మంచాలు చాలవు, నర్సులు తక్కువ అని మీరనవచ్చు. నిజమే. కానీ ఆ రోజు నేను మిగుల్చుకున్న పది నిమిషాలకు, తర్వాత పది రోజులు మంచం ఇవ్వవలసి వచ్చింది.

ఇంటివారికి: దుప్పటి లెక్కపెట్టకండి, నీళ్ళు లెక్కపెట్టండి. మనుమలముందు ఎగతాళి చేయకండి. ఒక్కరి మీదనే రాత్రి భారం వేయకండి. నిద్రలేని భార్య రెండో రోగి అవుతుంది.

పని ఇచ్చేవారికి: గుంతమగ్గంలో కాళ్ళు పెట్టి కూర్చున్న మనిషి రెండు గంటలకొకసారి లేస్తే చీర ఆలస్యమవుతుంది, నిజమే. కానీ మనిషి నిలుస్తాడు.

సంఘానికి: ఇలాంటివారికి వాకిలి పక్కన చోటు ఉంచండి. ప్రసంగం మధ్యలో లేచిపోతే తిరిగి చూడకండి. గుడి దగ్గర మరుగుదొడ్డిలో నీళ్ళు, దీపం, సబ్బు, మూత ఉన్న డబ్బా ఉండేలా చూడండి. సువార్త కూటాలకు పందిరి వేసేటప్పుడు దీనిని కూడా ఆలోచించండి. ఒకరు నాలుగు ఆదివారాలు రాకపోతే విశ్వాసం తగ్గిందని అనుకోకముందు ఇంటికి వెళ్ళి పలకరించండి. గొట్టాలు, ప్యాడ్లు, సెలైన్ చాలా ఇళ్ళలో చేతి డబ్బుతోనే కొంటున్నారు. మీ స్త్రీల సమాజం నూలు గుడ్డలు కుట్టి ఇచ్చినా గొప్ప సేవే.

మార్కు సువార్త 5వ అధ్యాయంలో పన్నెండేళ్ళు రక్తస్రావంతో బాధపడిన స్త్రీని జ్ఞాపకం చేసుకోండి. ఆమె జనంలో దాగి, వెనుక నుండి వచ్చి, ఎవరికీ తెలియకుండా ప్రభువు వస్త్రాన్ని ముట్టుకుంది. స్వస్థత అప్పుడే కలిగింది. ప్రభువు అక్కడితో వదిలివేయవచ్చు. కానీ ఆయన ఆగి, అందరి ఎదుట ఆమెను కుమార్తె అని పిలిచాడు. దేహం బాగుపడితే చాలదు, సిగ్గు కూడా తొలగాలని నేను ఆ వాక్యం చదివినప్పుడల్లా అనుకుంటాను.

ముఖం చిట్లించిన పెద్దాయనకు నా మనవి. అయ్యా, ఆడపిల్లలు కూడా చదవనివ్వండి. రేపు తండ్రి దుప్పటి తడిస్తే వాళ్ళకు ఏం చేయాలో తెలుస్తుంది. నొప్పి లేకుండా మూత్రంలో ఒక్కసారి రక్తం కనబడినా పరీక్ష చేయించాలని వాళ్ళే ఇంట్లో చెబుతారు. బీడీ మానమని కూడా వాళ్ళే పోరుపెడతారు.

ఆ మగ్గం అన్న ఇప్పుడు గుడిలో వాకిలి పక్కనే కూర్చుంటారు. పక్కన నీళ్ళ సీసా ఉంటుంది. ప్రసంగం మధ్యలో ఒకసారి లేచి వెళ్ళి వస్తారు. ఎవరూ తిరిగి చూడరు.

ప్రభువు మిమ్మును, మీ ఇంటివారిని దీవించును గాక.

— నర్సింగ్ సూపరింటెండెంట్